పాత ఆటకు పట్టా ఎవరిది?

ఎర్రటోపీ పెట్టుకున్న ఓ బుల్లి మనిషి. మంటలు దాటాలి, నీళ్లు దాటాలి, దారిలో కనపడిన రత్నాలన్నీ ఏరుకోవాలి. చివరికి కప్పు చేతికొస్తేగానీ తలుపు తెరుచుకోదు. అతనే... డేవ్‌!

ఆ పేరు చదవగానే మీ పెదాల మీద నవ్వు మొలిచిందా? అయితే మీరు కచ్చితంగా 2000 సంవత్సరానికి అటూ ఇటూ కంప్యూటర్‌ ముందు కూర్చున్న బ్యాచే. ల్యాబ్‌లో సారు అటు తిరగ్గానే సీ ప్రోగ్రామ్‌ పక్కన పెట్టేసి డేవ్‌ మొదలెట్టినవాళ్లు ఎందరో! గొలుసు తిప్పుతూ పక్క బైకువాణ్ని బాదేసి ‘రోడ్‌ రాష్‌’లో దూసుకుపోయినవాళ్లు, గంటలోగా రాకుమారిని విడిపించాలని ‘ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా’ ఆడుతూ ముళ్ల గుంటల్లో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మరెందరో!

హైదరాబాద్‌ నుంచి బీజాపూర్‌ వెళ్లే దారి పట్టుకుంటే మొయినాబాద్‌, ఆ తర్వాత చేవెళ్ల వస్తాయి. పెద్దపెద్ద మర్రిచెట్లు, కూరగాయల పొలాలు, పూలతోటలు, వాటి మధ్యమధ్యలో ఇంజినీరింగ్‌ కాలేజీలు. ఆ రోజుల్లో ఆ కాలేజీల్లో చదువుకుని, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిదితో మొక్కు తీర్చుకుని విమానమెక్కినవాళ్లు ఇప్పుడు నలభైల్లో పడ్డారు. వాళ్ల పిల్లలు ఫోన్లలో ఆడుతున్నారు. ‘మేం ఏం ఆడేవాళ్లమో చూడండ్రా’ అని చూపించాలని అమ్మానాన్నలకి సరదా. డబ్బులిచ్చి మరీ కొనడానికి సిద్ధం. కానీ రోడ్‌ రాష్‌ పాత పీసీ ఆటని స్టీమ్‌, గాగ్‌ లాంటి ఆన్‌లైన్‌ దుకాణాల్లో వెతికితే దొరకదు.

అదొక్కటే కాదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో ఎన్ని ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నాయని వీడియో గేమ్‌ హిస్టరీ ఫౌండేషన్‌, సాఫ్ట్‌వేర్‌ ప్రిజర్వేషన్‌ నెట్‌వర్క్‌ కలిసి లెక్క తీశాయి. 2023లో వచ్చిన ఆ లెక్క ప్రకారం దొరికేవి 13 శాతమే. మిగతా 87 శాతం కావాలంటే పాత డిస్కులూ పాత యంత్రాలూ వెతుక్కోవాలి, లేదంటే దొంగ కాపీలే దిక్కు!

ఎందుకిలా? పాత ఆటని కొత్త కంప్యూటర్లో ఆడేలా చేయడం ఇప్పుడు అంత కష్టమేం కాదు. అడ్డం పడుతోంది కాగితాలు.

లింక్‌ డాక్యుమెంట్లు ఏవీ?

మొయినాబాద్‌, చేవెళ్ల వైపు భూమి కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ధర కాదు, ‘లింక్‌ డాక్యుమెంట్లు ఉన్నాయా?’ అని. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకులకి, కొడుకుల్లో ఒకరి నుంచి మరొకరికి... ఆ గొలుసులో ఒక్క కాగితం లేకపోయినా తెలిసినవాళ్లెవరూ బయానా ఇవ్వరు. భూమి కళ్లెదుటే ఉంటుంది. దున్నడానికి మాత్రం ఉండదు.

పాత కంప్యూటర్‌ ఆట పరిస్థితీ అంతే. ఆట అంటే ఒకే వస్తువు అనుకుంటాం. అందులో ప్రోగ్రామ్‌ ఒకరిది, బొమ్మలు ఒకరివి, పాటలు ఇంకొకరివి. ఆట పేరేమో ట్రేడ్‌మార్కు, అది వేరే చట్టం కిందికొస్తుంది. ఆట తయారుచేసిన స్టూడియో ఒకటి, పెట్టుబడి పెట్టి అమ్మిన కంపెనీ మరొకటి. పదేళ్లకి స్టూడియో మూతపడుతుంది. అమ్మిన కంపెనీని ఇంకో కంపెనీ కొంటుంది. దాన్ని మరోటి మింగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి ‘ఈ ఆటని మళ్లీ విడుదల చేస్తాం, అనుమతి ఇవ్వండి’ అంటే... ఇవ్వాల్సింది ఎవరు? చాలాసార్లు ఆ సంగతి హక్కుదారుకే తెలియదు!

బీమా కంపెనీ చేతిలో బొమ్మ

ఇందుకు ‘సిస్టమ్‌ షాక్‌ 2’ కథే ఉదాహరణ. 1999లో వచ్చిన ఆ ఆటని ఆడినవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. దాన్ని తయారుచేసిన స్టూడియోల్లో ఒకటైన లుకింగ్‌ గ్లాస్‌ 2000లో మూతపడింది. ఆట మార్కెట్లోంచి మాయమైంది. 2012లో స్టీఫెన్‌ కిక్‌ అనే అమెరికన్‌ యువకుడు ఉద్యోగం మానేసి దేశాలు తిరుగుతూ గ్వాటెమాలా చేరాడు. ఓ రాత్రి ఆ ఆట ఆడాలనిపించింది. తన దగ్గరున్న కాపీ కంప్యూటర్లో పనిచేయలేదు. కొందామంటే ఎక్కడా లేదు. అసలు హక్కులు ఎవరి దగ్గరున్నాయా అని ఆరా తీస్తే తేలింది... ఓ బీమా కంపెనీ దగ్గర!

అవును, స్టార్‌ ఇన్సూరెన్స్‌ అనే సంస్థ. స్టూడియో మూతపడ్డాక ఆస్తుల పంపకాల్లో ఆట హక్కులు చివరికి బీమావాళ్ల బీరువాలో పడ్డాయి. పేరు తాలూకు ట్రేడ్‌మార్కు మాత్రం ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ దగ్గరుంది. స్టీఫెన్‌ ఆ బీమా సంస్థకి రాశాడు, బేరం కుదిరింది. 2013 ఫిబ్రవరిలో ఆట మళ్లీ అమ్మకానికొచ్చింది. అందుకోసం పెట్టిన సంస్థే నైట్‌డైవ్‌. ఆ తర్వాత పాత ఆటల పునరుద్ధరణే దాని వ్యాపారమైంది. 2023లో దాన్ని అటారీ కొనేసింది. ఎందుకూ కొరగాదని ఎవరో మూలన పడేసిన ఆటలో ఇంత వ్యాపారం ఉందన్నమాట!

ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి

ఇదే నైట్‌డైవ్‌ మరో ఆట దగ్గర బోల్తాపడింది. 2000లో వచ్చిన ‘నో వన్‌ లివ్స్‌ ఫరెవర్‌’ అనే గూఢచారి ఆటని మళ్లీ తెద్దామనుకుంది. తయారుచేసిన మోనోలిత్‌ స్టూడియో వార్నర్‌ చేతికెళ్లింది. మొదట అమ్మింది ఫాక్స్‌. రెండో భాగాన్ని అమ్మిన సియర్రా చేతులు మారి చివరికి యాక్టివిజన్‌లో కలిసింది. నైట్‌డైవ్‌ మూడు గడపలూ ఎక్కింది. ఒకరు ‘మా దగ్గర ఉన్నట్టుంది, చూడాలి’ అన్నారు. మరొకరు ‘ఉండొచ్చు, కానీ కాగితాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించని కాలం నాటివి, ఏ పెట్టెలో ఉన్నాయో’ అన్నారు. అంత పాత ఆట కోసం పెట్టెలన్నీ తెరిపించే ఓపిక ఎవరికుంటుంది? అలాగని ఎవరూ వదులుకోలేదు. పేరు కోసం 2014లో నైట్‌డైవ్‌ ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టగానే వార్నర్‌ అభ్యంతరం చెప్పింది. ‘మాదే అని చెప్పలేం, మాది కాదనీ చెప్పం’ అన్న ధోరణి. కొనే మనిషి ఉన్నాడు, డబ్బుంది, ఆడేవాళ్లూ ఉన్నారు. ఆట మాత్రం ఆగిపోయింది.

ఉమ్మడి పొలంలో సంతకం పెట్టని అన్నదమ్ముణ్ని చూసినవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఒక్క వాక్యం ఖరీదు

కాగితం విలువ తెలియాలంటే ‘టెట్రిస్‌’ కథ వినాలి. పైనుంచి పడే ముక్కల్ని సర్దే ఆ ఆటని 1984లో మాస్కోలో సైన్స్‌ అకాడమీ కంప్యూటర్‌ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్‌ తయారుచేశాడు. సోవియట్‌ దేశంలో అది ప్రభుత్వ ఆస్తి. ఓ మధ్యవర్తి కాగితాలు పూర్తికాకుండానే హక్కులు తనవన్నట్టు పాశ్చాత్య కంపెనీలకి అమ్మేశాడు. వాళ్లు మరొకరికి, వాళ్లు ఇంకొకరికి... చివరికి అటారీ గేమ్స్‌ దాకా వెళ్లాయి. 1989లో హెంక్‌ రోజర్స్‌ అనే వ్యాపారి మాస్కో వెళ్లి టీవీకి తగిలించే గేమ్‌ చూపిస్తే అక్కడి అధికారులు నిర్ఘాంతపోయారు. ‘ఇలాంటిదానికి హక్కులు మేమెవ్వరికీ ఇవ్వలేదే!’ అన్నారు.

తర్వాత వాళ్లు తెలివిగా ఓ పని చేశారు. మధ్యవర్తితో పాత ఒప్పందాన్ని సవరిస్తూ ‘కంప్యూటర్‌ అంటే తెర, కీబోర్డు, డిస్క్‌ డ్రైవ్‌, ఆపరేటింగ్‌ సిస్టమ్‌ ఉన్నది’ అని ఓ వాక్యం చేర్చారు. ఆయన పట్టించుకోకుండా సంతకం పెట్టేశాడు. ఆ ఒక్క వాక్యంతో టీవీ గేముల హక్కులు వేరై నింటెండో చేతికి వెళ్లాయి. 1989 జూన్‌లో అమెరికా కోర్టు అడ్డుకోవడంతో అటారీ గేమ్స్‌ అప్పటికే తయారుచేసిన ఆటలు గోదాములకే పరిమితమయ్యాయి. మరి ఆట కనిపెట్టిన పజిత్నోవ్‌కి? ప్రపంచమంతా ఆడుతున్నా 1996లో హక్కులు తన చేతికొచ్చేదాకా రాయల్టీ ముఖం చూడలేదాయన.

దీనికి పూర్తిగా భిన్నం ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా. 1989లో దాన్ని తయారుచేసిన జోర్డన్‌ మెక్నర్‌ హక్కుల్ని అమ్మకపుదారుకి రాసివ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. అందుకే తర్వాత కొత్త ఆటలు వచ్చినా, సినిమా వచ్చినా ఆయన్ని అడక్కుండా కుదర్లేదు. తండ్రి ఇంట్లో అలమారా వెనక పాత ఫ్లాపీలు దొరికితే 2012లో ఆ ఆట మూల ప్రోగ్రామ్‌ని అందరూ చూసేలా బయటపెట్టాడు కూడా.

పాట పోయింది... ఆట మిగిలింది

మళ్లీ విడుదలయ్యే ఆటలకి మరో గండం పాటలు. బాలసుబ్రహ్మణ్యం 2017లో అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు న్యాయవాదుల నుంచి నోటీసు వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. తాను పాడిన పాటే అయినా వేదికమీద పాడాలంటే బాణీ కట్టినవాళ్ల హక్కు వేరే ఉంటుందని చాలామందికి తెలిసింది అప్పుడే.

ఆటల్లోనూ అంతే. రోడ్‌ రాష్‌ పీసీ ఆటలో సౌండ్‌గార్డెన్‌ లాంటి బ్యాండ్ల పాటలున్నాయి. అలాంటి పాటల్ని ఆటల కంపెనీలు సాధారణంగా కొనవు, కొన్నేళ్లకి అద్దెకి తెచ్చుకుంటాయి. గడువు తీరితే మళ్లీ కట్టాలి, లేదంటే తీసెయ్యాలి. జీటీఏ 4 ఆటలో 2018లో పదేళ్ల గడువు ముగియడంతో ఎన్నో పాటలు తొలగించారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల కంప్యూటర్లలోంచి కూడా అప్‌డేట్‌తో పాటే అవీ వెళ్లిపోయాయి!

నెట్‌ సెంటర్లలో మనవాళ్లు రాత్రిళ్లు జాగారం చేసి ఆడిన జీటీఏ ‘వైస్‌ సిటీ’దీ ఓ వివాదమే. కొందరు అభిమానులు ఆ ఆట ప్రోగ్రామ్‌ని వెనక నుంచి విప్పుకుంటూ తిరగరాసి, కొత్త కంప్యూటర్లలో బాగా నడిచేలా చేశారు. బొమ్మలూ పాటలూ ఇవ్వలేదు, అసలు ఆట కొన్నవాళ్లే వాడుకోవచ్చన్నారు. హక్కుదారు టేక్‌ టూ ఒప్పుకోలేదు. 2021 ఫిబ్రవరిలో దాన్ని ఇంటర్నెట్‌ నుంచి తీయించింది, సెప్టెంబరులో కోర్టుకెక్కింది. అదే ఏడాది నవంబరులో మెరుగులు దిద్దిన సొంత ఆటల్ని అమ్మకానికి పెట్టింది. అభిమానులది ప్రేమే కావచ్చు, కంపెనీ లెక్క కంపెనీది.

మాయాబజార్‌ చెప్పిన పాఠం

ఈ చిక్కు మనకి తెలియనిదేం కాదు. 1957 నాటి ‘మాయాబజార్‌’ని హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్‌ టెక్నాలజీస్‌ రంగుల్లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. జనం ఆదరించారు. ఆ సంస్థ చేతిలో మరో పదికి పైగా పాత సినిమాలున్నాయి. అవీ రంగుల్లో వస్తాయనుకున్నారంతా. రాలేదు. చాలామంది నిర్మాతలు నెగెటివ్‌ హక్కుల్ని టీవీ ఛానెళ్లకి అమ్మేసుకోవడంతో వాటిమీద పట్టు కోల్పోయారనీ, ఎవరు ఏం చేయబోయినా యాజమాన్యం చిక్కులు ఎదురవుతున్నాయనీ సంస్థ బాధ్యులు చెప్పారు. సినిమా నెగెటివ్‌ అయినా ఆట ఫ్లాపీ అయినా చివరికి తగిలే ముడి అదే.

డేవ్‌... ఓ చిన్న దొంగతనం

మన డేవ్‌ దగ్గరికి వద్దాం. అతన్ని 1988లో సృష్టించింది జాన్‌ రొమేరో. 1990లో పీసీల్లోకి వచ్చాడు. రొమేరో అప్పుడు అమెరికాలోని సాఫ్ట్‌డిస్క్‌ అనే కంపెనీలో ఉద్యోగి. అదే ఏడాది సెప్టెంబరులో ఓ రాత్రి అతని సహోద్యోగులు జాన్‌ కార్మాక్‌, టామ్‌ హాల్‌ ఓ చిలిపి పని చేశారు. నింటెండో వారి ‘సూపర్‌ మారియో 3’ మొదటి అంకాన్ని అచ్చుగుద్దినట్టు పీసీలోకి దించి, మారియో స్థానంలో డేవ్‌ని నిలబెట్టారు. తెల్లారి రొమేరో బల్లమీద ఫ్లాపీ ఉంది. ఆట పేరు... ‘డేంజరస్‌ డేవ్‌ ఇన్‌ కాపీరైట్‌ ఇన్‌ఫ్రింజ్‌మెంట్‌’. అంటే కాపీరైట్‌ ఉల్లంఘనలో డేవ్‌!

వాళ్లు దాన్ని అంతటితో వదల్లేదు. మారియోతోనే పూర్తి నమూనా చేసి నింటెండోకే పంపారు. పీసీల్లో ఆటలు అమ్మే ఉద్దేశం తమకి లేదని నింటెండో తిప్పిపంపింది. సరే అని ఆ నైపుణ్యంతో సొంత ఆట ‘కమాండర్‌ కీన్‌’ రాశారు. అయితే రాసింది ఆఫీసు కంప్యూటర్లమీదే, వారాంతాల్లో ఇంటికి మోసుకెళ్లి! విషయం తెలిసి సాఫ్ట్‌డిస్క్‌ నిలదీసింది. చివరికి కొన్నాళ్లపాటు ఆ కంపెనీకి ఆటలు చేసిపెట్టేలా రాజీ కుదిరింది. వాళ్లు 1991లో పెట్టిన ఐడీ సాఫ్ట్‌వేరే తర్వాత ‘డూమ్‌’తో ప్రపంచాన్ని ఊపేసింది. ఆనాటి మారియో నమూనా 2021లో అమెరికాలోని ది స్ట్రాంగ్‌ ఆటల మ్యూజియానికి చేరింది.

ఇందులో నేటి విద్యార్థులకి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. పక్కవాళ్ల ఆట చూసి నేర్చుకోవడం తప్పు కాదు, దాన్నే అమ్మబోతే తప్పు. ఆఫీసు కంప్యూటర్‌మీద రాసింది ఎవరిదన్న ప్రశ్న ఏదో ఒకరోజు వస్తుంది.

మన చట్టం ఏమంటోంది?

మన 1957 కాపీరైట్‌ చట్టం ప్రకారం కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌ సాహిత్య రచనతో సమానం. నవల రాసినవారికి ఉన్నట్టే ప్రోగ్రామ్‌ రాసినవారికీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. ‘ఇరవై ఏళ్లయింది, ఇంకెవరిది లే’ అన్న మాట చెల్లదు. దుకాణంలో దొరకనంత మాత్రాన ఆట అనాథ అయిపోదు.

ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. బయటి పనిగా చేసిపెడితే, రాసివ్వనంతవరకు మీదే. హక్కులు బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. ఫైనలియర్లో ఉన్న పిల్లలు ఆఫర్‌ లెటర్లో జీతం అంకె ఒక్కటే చూసి మిగతా పేజీలు తిప్పేస్తుంటారు. వాళ్ల హక్కుల సంగతి ఉండేది ఆ మిగతా పేజీల్లోనే.

పేరుతోనూ జాగ్రత్త. కోల్‌కతా అన్నదమ్ములు రజత్‌, జయంత్‌ అగర్వాలా ‘స్క్రాబ్యులస్‌’ అని ఓ పదాల ఆట పెట్టి ఫేస్‌బుక్‌లో లక్షలమందిని ఆడించారు. ‘స్క్రాబుల్‌’ హక్కుదారు మాటెల్‌ కోర్టుకెళ్లింది. 2008లో దిల్లీ హైకోర్టు ఆట గళ్ల మీద కాపీరైట్‌ వాదనని ఒప్పుకోలేదుగానీ పేరు మాత్రం వాడొద్దంది. వాళ్లు ‘లెక్సులస్‌’ అని మార్చుకుని నడిపించారు.

యజమాని చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, ఆచూకీ దొరక్కపోయినా, ప్రచురణ కోసం లైసెన్సు అడగడానికి మన చట్టంలో 31ఏ సెక్షన్‌ ఉంది. పత్రికలో ప్రకటన ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ జమచేసి ముందుకెళ్లాలి. మూలన పడున్న మన రచనలకి దారి చూపించగల సెక్షనది.

అమెరికాలో గ్రంథాలయాలు మరో మార్గం అడిగాయి. అమ్మకంలో లేని ఆటల్ని పరిశోధకులు తమ ఇంటి నుంచే చూసుకునేలా అనుమతివ్వమన్నాయి. పరిశోధన పేరుతో జనం సరదాకి ఆడుకుంటారని, తమ మార్కెట్‌ దెబ్బతింటుందని ఆటల కంపెనీలు వాదించాయి. 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్‌ కార్యాలయం గ్రంథాలయాల విన్నపాన్ని తోసిపుచ్చింది.

మరి ఇంట్లో ఏం చేయాలి?

అటకమీద అసలు సీడీ ఉంటే దిగులొద్దు. సక్రమంగా కొన్న ప్రోగ్రామ్‌ పాడైపోకుండా ఓ కాపీ తీసి దాచుకోవడానికి చట్టమే వీలిచ్చింది. సీడీలు శాశ్వతం కాదు కాబట్టి ఆ పని ఈ ఆదివారమే చేస్తే మంచిది.

కొనాలనుకుంటే ముందు సక్రమ దుకాణాలు చూడండి. పోలండ్‌ సంస్థ 2008లో పెట్టిన గాగ్‌ పనే పాత ఆటల హక్కుదారుల్ని వెతికిపట్టి, ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా చేసి అమ్మడం. సిస్టమ్‌ షాక్‌ 2 మళ్లీ వెలుగుచూసిందీ అక్కడే.

ఉచితంగా దొరికే సైట్ల సంగతి వేరు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే చట్టం ప్రకారం 7 రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. లాభం కోసం కానప్పుడు జైలు లేకుండా 50 వేలలోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకుంది. చట్టం మాట అలా ఉంచినా, అలాంటి ఫైళ్లతో వైరస్‌లు ఇంట్లోకొచ్చే ప్రమాదమూ ఉంది.

చేవెళ్ల, మొయినాబాద్‌ దారిలోని కాలేజీ ల్యాబుల్లో ఈ రోజు కూడా ఎవరో ఒకరు సారుకి కనపడకుండా సొంత ఆట రాసుకుంటూనే ఉంటారు. నలుగురు స్నేహితులు కలిసి రాస్తే ఎవరు ఏ భాగం రాశారో, రేపు దాన్ని ఎవరు అమ్మవచ్చో ఒక తెల్లకాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లో పొలం కాగితాలు దాచే ఇనప్పెట్టెలో దానికీ చోటు దొరుకుతుంది.